జోధ్‌పూర్ లెక్కలు చూపించి విజయనగరంలో అమ్ముతున్న కూలింగ్ వ్యవస్థ: కొనేవారు జాగ్రత్త

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇల్లు కట్టుకుంటున్నవారు, పాత డాబా ఇళ్లలో వేసవి కరెంటు బిల్లు తగ్గించుకోవాలని చూస్తున్నవారు దయచేసి ఇది చదవండి. ఏసీ అక్కర లేకుండా ఇల్లంతా చల్లబరుస్తామని చెప్పి, డాబా మీద పెద్ద నీటి కూలర్ బిగించి, డక్టుల ద్వారా గదులకు గాలి పంపే ప్యాకేజీని ఒక సంస్థ మా పట్టణంలో అమ్ముతోంది. గత వేసవికి ముందు మేము దానిని పెట్టించుకున్నాము.

వారు చూపిన కరపత్రంలో బయట 42 డిగ్రీలు, లోపల 26 డిగ్రీలు అని ఉంది. ఆ అంకెలు అబద్ధం కావు, కాని అవి జోధ్‌పూర్ ఇంటివి. నీటి కూలర్ గాలిని తడి బల్బు ఉష్ణోగ్రతకు (నీరు ఆవిరి కావడం వల్ల గాలి చల్లబడగల కనిష్ఠ హద్దుకు) దిగువకు తీసుకుపోలేదు; మంచి ప్యాడ్లు ఉన్నా, బయటి వేడికీ ఆ హద్దుకూ మధ్య ఉన్న తేడాలో దాదాపు ఐదింట నాలుగు వంతులే తగ్గించగలదు. గాలిలో తేమ 15 శాతమే ఉండే ఎడారి మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో ఆ హద్దు సుమారు 22 డిగ్రీలు. మన వైపు 35 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న రోజున అది సుమారు 29 డిగ్రీలు. అంటే ఎంత ఖరీదైన యంత్రమైనా 30 డిగ్రీలకు తక్కువ గాలి ఇవ్వదు, పైగా ఆ గాలి నిండా తేమ ఉంటుంది కనుక ఒంటి చెమట ఆరదు. పొడిగా పడమటి గాలి వీచిన కొద్ది రోజుల్లో మాత్రం మా యంత్రం బాగానే పనిచేసింది. సముద్రపు గాలి తిరగగానే ఇల్లంతా ఉక్కపోతే.

పగలు కిటికీలు, వెంటిలేటర్లు మూసి ఉంచమని కూడా వారే చెప్పారు. ఎడారిలో మందపాటి గోడల ఇళ్లకు, రాత్రి బాగా చల్లబడే చోట, అది తగిన పద్ధతే. కాని నీటి కూలర్ నడిచే ఇంట్లో గాలి బయటకు పోయే దారి ఎక్కడైనా ఉండి తీరాలి. మా ఇంట్లో బీరువా వెనుక గోడకు బూజు పట్టింది, తలుపులు ఉబ్బి బిగుసుకుపోయాయి. ఫిర్యాదు చేస్తే మొదట ప్యాడ్లు మార్చమన్నారు, తర్వాత “సీజన్ అలాంటిది” అన్నారు, చివరకు చల్లదనానికి హామీ లేదని బిల్లు వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న షరతు చూపించారు.

ప్యాకేజీ మొత్తంలో ఫలితం కనిపించినది స్లాబు మీద వేసిన తెల్లని పూత ఒక్కటే, ధరలో అన్నిటికంటే తక్కువదీ అదే. వేసవి ఎండ ఎక్కువగా పడేది పైకప్పు మీదే. దానిని తిప్పికొట్టే పూతకు గాలి పొడిగా ఉందా, తేమగా ఉందా అన్నదానితో పని లేదు, దుమ్ము పేరుకోకుండా కడుగుతూ ఉంటే చాలు. కొత్తగా కట్టేవారు కూలర్ మాట ఎత్తే ముందు కప్పు సంగతి చూసుకోవడం మేలు: నివాస భవనాల కోసం 2018లో వచ్చిన ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు గుండా వేడి ప్రసారం చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లు మించకూడదు, ఒట్టి కాంక్రీటు స్లాబు ఆ పరిమితిలోకి రాదు.

ఎవరైనా ఇలాంటి ప్యాకేజీతో వస్తే, మన కోస్తాలోనే ఇదివరకు బిగించిన ఇల్లు చూపించమనండి, అదీ ఉక్కగా ఉన్న రోజున. ఎన్ని డిగ్రీలు తగ్గుతుందో, ఎంత తేమ వరకు తగ్గుతుందో జీఎస్టీ బిల్లు మీద రాయించుకోకుండా పూర్తి సొమ్ము చెల్లించవద్దు.

ఇప్పటికే కొన్నవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. జోధ్‌పూర్ అంకెలున్న ఆ కరపత్రాన్ని మాత్రం పారేయకండి, వారు ఏమి చెప్పి అమ్మారో చూపే కాగితం అదే.