సీఎన్‌జీ కారుకు ఏ ప్లగ్గు మేలు: నికెలా, ప్లాటినమా, ఇరీడియమా?

కారు సీఎన్‌జీ మీద నడుపుతున్న మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఈమధ్య నా కారుకే స్పార్క్ ప్లగ్గులు (ఇంజిన్‌లో ఇంధనాన్ని నిప్పురవ్వతో అంటించేవి) మార్చవలసి రావడంతో ఈ లెక్క నేనూ వేసుకోవలసి వచ్చింది.

దుకాణాల్లో 'కాపర్ ప్లగ్గు' అని అడిగి తెచ్చుకునే దానిలో రాగి ఉండేది లోపలే. నిప్పురవ్వ పుట్టే కొన నికెల్ మిశ్రమం. వేడిని లాగే ఆ రాగి ఖరీదైన ప్లగ్గుల్లోనూ సాధారణంగా ఉంటుంది కనుక, పోల్చవలసింది కొనలను మాత్రమే.

నా దృష్టిలో తేల్చవలసిన అంశం కాయిల్ (ప్లగ్గుకు అధిక వోల్టేజి అందించే భాగం) మీద పడే భారం. పెట్రోలుతో పోలిస్తే సీఎన్‌జీని అంటించడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. దానికి తోడు కొన అరిగి గ్యాప్ (రవ్వ దూకే సందు) పెరిగేకొద్దీ ఆ అవసరం ఇంకా పెరుగుతుంది. నా పాత నికెల్ ప్లగ్గులు విప్పి చూస్తే కొన అంచులు గుండ్రబడి ఉన్నాయి, 0.8 మి.మీ. ఉండవలసిన గ్యాప్‌లో 1 మి.మీ. ఫీలర్ గేజ్ రేకు సులువుగా దూరింది. పెట్రోలు మీద బాగానే నడిచే బండి, గ్యాస్ మీద ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొట్టడానికి కారణం అదే.

నికెల్ కొన మందం సుమారు 2.5 మి.మీ. అయితే, ఇరీడియం కొన 0.6 లేదా 0.4 మి.మీ. మాత్రమే. కొన ఎంత సన్నగా ఉంటే రవ్వ అంత తక్కువ వోల్టేజికే దూకుతుంది. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, ఇరీడియం 2,400 డిగ్రీలు దాటినా కరగదు కాబట్టే అంత సన్నని కొన కూడా అరుగుదలకు తట్టుకుంటుంది. దీనివల్ల ఇంజిన్ బలం పెరుగుతుందన్న ప్రచారాన్ని మాత్రం నేను నమ్మను.

ఒక ఇరీడియం ధరకు మూడు నాలుగు నికెల్ ప్లగ్గులు వస్తాయి. పెట్రోలు మీదే, అదీ తక్కువగా తిరిగే కారుకు, ప్లగ్గులు చేతికి సులువుగా అందేటట్లయితే, కంపెనీ నికెలే సూచించినప్పుడు అది చాలు. ప్లాటినం ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది; కంపెనీ అది వేసి ఇచ్చిన బండికి అదే కొనసాగించవచ్చు.

నేను పాత వాటి హీట్ రేంజ్‌లోనే, అంటే వేడిని బయటికి పంపే స్థాయి అదే ఉన్న ఇరీడియం తీసుకున్నాను. గ్యాప్ సరిచేస్తానని మెకానిక్ పనిముట్టు అందుకోగానే, మధ్య కొనను తాకవద్దని ఆపాను. ఆ సన్నని మొన కాస్త ఒత్తిడికే విరుగుతుంది.