ముక్కల మిఠాయికి ఏది మేలు: బొప్పాయా, బూడిద గుమ్మడా, పంపర పనస తొక్కా?

పండు ముక్కల్ని పంచదార పాకంలో ఊరబెట్టి ఆరబెట్టుకోవాలంటే మన డెల్టాలో రుచి కన్నా ముందు గాలి సంగతి చూసుకోవాలి. అమలాపురం, రాజోలు వైపు వానాకాలంలో డబ్బాలోని పంచదారే గడ్డకడుతుంది. ఇక పంచదార పట్టిన ముక్క పొడిగా ఎలా ఉంటుంది? ఎక్కడో పొడి ఊళ్లలో వాళ్లు చెప్పే "ఒక్క రోజు ఎండ చాలు" అనే మాటని ఇక్కడ నమ్ముకోలేం. ఆత్రేయపురం మామిడి తాండ్రకి ఒక అదృష్టం ఉంది. మామిడి దిగేదీ, ఎండ మండేదీ ఒకే కాలం. మిగతా కాయలకి అలా కుదరదు కాబట్టి ఏది ఎప్పుడు దొరుకుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సూత్రం మాత్రం అన్నిటికీ ఒకటే. ముక్కలోని నీరు బయటికి రావాలి, ఆ చోటులోకి పంచదార వెళ్లాలి. ముక్కలో పంచదార దాదాపు 70 శాతానికి చేరితే బూజు పట్టదు. తొందరపడి మొదటే చిక్కటి పాకంలో వేస్తే నీరు గబగబా బయటికొచ్చేస్తుంది, పంచదార లోపలికి అంత వేగంగా వెళ్లలేదు. ముక్క ముడుచుకుని తోలులా సాగుతుంది. పల్చటి పాకంతో మొదలుపెట్టి, రోజూ ముక్కలు తీసి పాకాన్ని కాస్త మరిగించి మళ్లీ వేయడమే సరైన పద్ధతి. మూడు నాలుగు రోజుల పని, కానీ రోజుకి పావుగంటకి మించి పట్టదు.

మొదటిసారి చేసేవాళ్లకి పచ్చి బొప్పాయి. బేకరీ కేకుల్లో కనిపించే టూటీ ఫ్రూటీ ఇదే. కాయ ఏడాది పొడుగునా దొరుకుతుంది. గాలివానకి పెరట్లో చెట్టు పడిందంటే ఒకేసారి బుట్టెడు కాయలు చేతికొస్తాయి, వాటిని ఏం చేయాలో తోచదు కూడా. గోరు దిగని పచ్చికాయే కావాలి. లోపల కాస్త ఎర్రబడినా పాకంలో చిదిగిపోతుంది. చెక్కు తీసి, పాలు కడిగి, శనగగింజంత ముక్కలు కోసి, అద్దంలా కనిపించేదాకా ఉడికించి వార్చాలి. అరకిలో ముక్కలకి అరకిలో పంచదార. చివరికి పాకం తీగ రావాలి. రంగుకి బీట్‌రూట్ నీళ్లు కలిపేవాళ్లు స్టవ్ కట్టేశాకే కలపండి, మరిగితే ఎరుపు కాస్తా మట్టిరంగుకి తిరుగుతుంది. ముక్క చిన్నది కాబట్టి ఫ్యాను కిందే ఆరిపోతుంది. ఒకటే లోపం: బొప్పాయికి సొంత రుచి లేదు. యాలకులో వెనిలానో పడకపోతే తీపి తప్ప ఇంకేం తెలియదు.

బూడిద గుమ్మడికాయతో చేసేది పేఠా, ఆగ్రా మిఠాయి. కాయ మనకి కొత్త కాదు, వడియాలకి వాడేదే. పైన బూడిద ఉన్న ముదురుకాయ నెలల తరబడి నిలవుంటుంది. కాబట్టి శీతాకాలంలో కొని, ఎండలు ముదిరాక తీరిగ్గా చేసుకోవచ్చు. కాలం లెక్కన ఇదే మంచి సరుకు. కానీ ముక్క విరిగిపోకుండా గట్టిగా ఉండాలంటే ఫోర్కుతో పొడిచి, తాంబూలం సున్నం కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. సున్నంలోని కాల్షియం కాయలోని జిగురు పదార్థమైన పెక్టిన్‌ని పట్టి బిగిస్తుంది. తర్వాత అయిదారు నీళ్లు మార్చి కడగాలి, కడుగు చాలకపోతే నోరు పొక్కుతుంది. ఇంత చేశాక వచ్చేది కొట్లో దొరికే పేఠా లాంటిదే. నేనైతే కొనుక్కుంటాను.

నా ఓటు పంపర పనస తొక్కకి. తొనలు తినేసి పారేసే తొక్కలో, ఆ తెల్లటి దళసరి భాగమే అసలు సరుకు. పైన పచ్చటి పొరని పల్చగా చెక్కేసి, తెలుపుని వేలెడు ముక్కలుగా కోయాలి. దానికి చేదు ఎక్కువ. ఉప్పు నీళ్లలో మరిగించి పారబోయడం, చన్నీళ్లలో వేసి రెండు చేతుల మధ్య గట్టిగా పిండడం, ఇలా మూడుసార్లయినా చేయాలి. ఆ పిండడంలోనే ఉంది కీలకం. మరిగించి వార్చి ఊరుకుంటే చేదునీళ్లు లోపలే ఉండిపోతాయి. బాగా పిండిన ముక్క పాకాన్ని అంతే ఆబగా పీల్చుకుంటుంది. తూచి, సమానంగా పంచదార వేసి, సన్నటి సెగ మీద పాకం ఇగిరేదాకా కలుపుతూ ఉండాలి. చేదు పూర్తిగా పోకూడదు, కొసన కాస్త తగలాలి. తీపి తిన్నాక నిమ్మతొక్క వాసన నోట్లో నిలుస్తుంది. వియత్నాంలో టెట్ పండుగ మిఠాయిల్లో ఇదీ ఒకటి. కోనసీమలో ఇన్ని కాయలు పండుతున్నా మనం తొక్క పారేస్తున్నామంటే ఏమనాలి!

దీని చిక్కల్లా కాయ ముసురు రోజుల్లో దిగడమే. ఎండ మీద ఆశ పెట్టుకోకండి. జల్లెడ మీద పరిచి రాత్రంతా ఫ్యాను కింద ఉంచి, ఓవెన్ ఉంటే 60 డిగ్రీల్లో తలుపు కాస్త తెరిచి గంటా గంటన్నర ఆరబెట్టండి. లేదా ఉడికించి పిండిన తొక్కని ఫ్రీజర్లో దాచి, ఎండాకాలంలో పాకం పట్టుకోండి. ముక్కలు పూర్తిగా ఆరకుండా పైన పంచదార అద్దితే అది కరిగి కారుతుంది. ఎండుకొబ్బరి కోరు అద్దితే చేతికంటదు, కానీ నూనె వాసన పట్టకముందే తినేయాలి.

అనాసని అడిగేవాళ్లున్నారు. ఆ పులుపుకి పంచదార విరిగి గడ్డకట్టదు, ముక్క ఎప్పటికీ జిగటే. మిగతావాటిలో కూడా నిమ్మరసం రెండు మూడు చుక్కలు దాటించకండి. పాకం పలుకు కట్టకుండా కాపాడేదీ అదే, ఎక్కువైతే ముక్కని ఆరనివ్వనిదీ అదే.

పంచదార వద్దు, బెల్లంతో చేస్తామంటే రుచికి ఢోకా లేదు, ముఖ్యంగా పంపర పనసకి. కానీ బెల్లం పంచదారకన్నా ఎక్కువగా తేమని లాక్కుంటుంది. మన దగ్గర వానాకాలంలో బెల్లం ముక్కలు ఆరడం కల్ల. ఆరబెట్టే ప్రయత్నం మానేసి, పాకంతో సహా సీసాలోకి ఎత్తి, పొడి చెంచాతో తీసుకు తినండి.