లైటు వెలగడం లేదని పాత కారు కొనేయకండి

డాలస్ చుట్టుపక్కల పాత కారు కొనబోతున్న తెలుగువారు, ముఖ్యంగా చదువుల కోసం కొత్తగా దిగిన పిల్లలు, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి.

మా తమ్ముడి కోసం ఈమధ్య ఒక పాత కార్ల దుకాణంలో 2015 మోడల్ సెడాన్ కొన్నాను. లోపం ఉంటే డాష్‌బోర్డులో వెలిగే చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు. కాలుష్య పరీక్షలో నెగ్గినట్లు నాలుగు రోజుల కిందటి కాగితం చూపించారు. పెట్రోలు ముల్లు అడుగున ఉంది, దారిలో పోయించుకోమన్నారు. ఆ మాటను నేను పట్టించుకోలేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే తమ్ముడి ఫోను: "అన్నయ్యా, పసుపు రంగులో ఇంజిన్ బొమ్మ వెలుగుతోంది."

కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపం సంఖ్య, అంటే కోడ్, పి0456. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే వ్యవస్థలో అతి చిన్న లీకు ఉందని దాని అర్థం. ట్యాంకులో పుట్టే ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గు నింపిన డబ్బా పీల్చుకుంటుంది. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుంటే, ఇంజిన్ ఆ ఆవిరిని లోపలికి లాగి మండిస్తుంది. కంప్యూటర్ అప్పుడప్పుడూ దారులన్నీ మూసి, లోపలి పీడనం నిలుస్తుందో లేదో చూసుకుంటుంది. అర మిల్లీమీటరు రంధ్రం ఉన్నా పట్టేస్తుంది. కారు నడకలో మాత్రం ఏ తేడా ఉండదు. అందుకే ఈ లోపాన్ని కొనేవాళ్ల కంట పడకుండా దాచడం చాలా తేలిక.

కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ అనే చిన్న పరికరంతో కోడ్ చెరిపేస్తే లైటు ఆరిపోతుంది. దాంతోపాటు కారు తనను తాను చేసుకునే పరీక్షలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. కాస్త తిప్పితే మిగతావి ఒక్కొక్కటిగా పూర్తవుతాయి. ఆవిరి పరీక్ష అంత త్వరగా జరగదు. కారు గంటల తరబడి ఆగి చల్లబడాలి. చాలా కార్లలో ట్యాంకు 15 నుంచి 85 శాతం మధ్య నిండి ఉండాలి. ఆ పరీక్షలో కారు వరుసగా రెండుసార్లు తప్పితేనే లైటు వస్తుంది. టెక్సస్‌లో 2001, ఆ తర్వాతి మోడళ్లకు ఒక పరీక్ష అసంపూర్తిగా ఉన్నా కాలుష్య పరీక్షలో నెగ్గనిస్తారు. నాకు చూపించిన కాగితం నకిలీ కాదు, అది చెప్పాల్సిన సంగతి చెప్పలేదంతే. అడుగంటిన ట్యాంకుతో కారు ఎందుకు ఇచ్చారో కూడా నాకు అప్పుడే అర్థమైంది.

ఇదంతా ఊహ కాదు. లైటు వచ్చిన సాయంత్రమే పాతిక డాలర్ల బ్లూటూత్ స్కానర్ తెప్పించి, స్టీరింగు కింద ఉన్న సాకెట్లో పెట్టాను. ఫోను తెరమీద 'కోడ్లు చెరిపిన తర్వాత నడిచిన దూరం' అనే వరస ఉంది. ఎదురుగా 290 మైళ్లు. కొన్న రోజు రసీదులో ఉన్న మీటరు అంకెతో పోల్చుకుంటే మేము నడిపింది 212. అంటే కారు మా చేతికి రావడానికి 78 మైళ్ల ముందే ఎవరో కోడ్లు చెరిపారు. ఆ అంకె చూసి చాలాసేపు కారులోనే కూర్చుండిపోయాను. కొనే రోజే చూసి ఉంటే రెండు నిమిషాల పని!

దుకాణానికి వెళ్లి అడిగితే, వారంటీ ఉందో లేదో చెబుతూ కారు అద్దానికి అతికించే కాగితం తీశారు. అందులో 'యాజ్ ఈజ్' గడిలో గుర్తు ఉంది, కింద నా సంతకం ఉంది. ఉన్నది ఉన్నట్లుగా కొన్నాక వారంటీ అడిగే హక్కు లేదన్నారు. వాదించి లాభం లేకపోయింది.

ఆ తర్వాత మరమ్మతు దగ్గర మళ్లీ దెబ్బతిన్నాను. మొదటి మెకానిక్ కోడ్ చూసి ట్యాంకు మూత మార్చాడు, 35 డాలర్లు. లైటు మళ్లీ వచ్చింది. పర్జ్ వాల్వు మార్చాడు, 240 డాలర్లు. మళ్లీ వచ్చింది. ఈసారి బొగ్గు డబ్బా మార్చాలి, 700 అవుతుందన్నాడు. లీకు ఉందని మాత్రమే కోడ్ చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. వెతకకుండా ఒక్కొక్క భాగం మార్చుకుంటూ పోతే ఖర్చు మనదే. నేను కారు వెనక్కి తీసుకుని, పొగ పరీక్ష చేసే మరో మెకానిక్ దగ్గరకు వెళ్లాను. చాలా తక్కువ పీడనంతో పొగను గొట్టాల్లోకి పంపాడు. వెనుక చక్రం పక్కన, పెట్రోలు పోసే గొట్టం ట్యాంకును కలిసే చోట, టార్చి వెలుగులో దారంలా సన్నని తెల్లపొగ పైకి లేచింది. వేలితో గీరితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. కారు ఇంతకుముందు ఎక్కడ తిరిగిందో చెప్పే చరిత్ర నివేదిక మళ్లీ తీసి చూస్తే అది ఆరేళ్లు ఒహాయోలో తిరిగింది. చలికాలంలో మంచు కరగడానికి అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు చేసిన పని అది. పరీక్షకు 140, గొట్టానికి కూలితో కలిపి 310. మొదటే పొగ పరీక్ష చేయించి ఉంటే 275 డాలర్లు మిగిలేవి.

కాబట్టి కొనే ముందు మీ స్కానర్ మీరే తీసుకెళ్లండి. ఆవిరి పరీక్ష ఒక్కటే 'పూర్తి కాలేదు' అని చూపిస్తుంటే కారణం అడగండి. కోడ్లు చెరిపాక నడిచిన దూరం చూడండి. శాశ్వత కోడ్లు అనే విభాగం తప్పకుండా తెరవండి. 2010 తర్వాతి కార్లలో అవి స్కానర్‌తో చెరగవు, ఆ లోపానికి సంబంధించిన పరీక్షలో కారు తనంతట తాను నెగ్గితేనే పోతాయి. కాలిఫోర్నియా కాలుష్య పరీక్షలో 2019 జులై నుంచి వాటిని కూడా చూస్తున్నారు. టెక్సస్‌లో మీరే చూసుకోవాలి. స్కానర్ పెట్టనివ్వం అంటే ఇంకో కారు చూసుకోండి.

తమ్ముడి గదిలో ఉండే అబ్బాయి శనివారం గార్లండ్‌లో ఒక కారు చూడటానికి వెళ్తున్నాడు. మా స్కానర్ ఇప్పటికే అతని సంచిలో ఉంది.