ఆర్‌ఎక్స్ 100: ఆయిల్ పంపు పీకించకండి

మా గిద్దలూరు వైపు ఇంకా నడుస్తున్న పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుల్లో నాకు తెలిసిన చాలావాటికి ఆయిల్ పంపు లేదు. ఇది టూ-స్ట్రోక్ బండి, పిస్టన్ అరగకుండా కాపాడే నూనె పెట్రోలుతో పాటే కాలి పొగగా పోతుంది. ఆ నూనెను వేరే ట్యాంకులోంచి ఇంజిన్‌కు పంపేదే ఈ పంపు. ఏ షెడ్డుకు పోయినా ముందు వినపడేది ఒకటే మాట: "పంపు పీకేద్దాం అన్నా, పెట్రోల్లో కలిపి పోసుకుంటే టెన్షన్ ఉండదు." నా బండికి మాత్రం కంపెనీ పంపు అట్లాగే ఉంది. పొలం బాటల్లో, నల్లమల అంచు గుట్ట దారుల్లో, నంద్యాల ఘాట్ మీద ఏళ్ల తరబడి తిప్పాక చెబుతున్నాను, దాన్ని పీకించకండి.

పికప్పు, సౌండు, మైలేజీ గురించి కొత్తగా చెప్పేదేం లేదు.

పంపు విలువ దిగుడులో తెలుస్తుంది. కలిపి పోసే బండిలో నూనె పెట్రోలుతో పాటే లోపలికి పోవాలి. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, గేరు మీద బండిని పట్టుకుంటూ వస్తాం. ఇంజిన్ జోరుగా తిరుగుతూనే ఉంటుంది, పెట్రోలు మాత్రం కొద్దికొద్దిగానే పోతుంది, నూనె కూడా అంతే. పంపు ఇంజిన్ తిరిగేదాన్ని బట్టి పనిచేస్తుంది కాబట్టి యాక్సిలరేటర్ మూసినా ఎంతో కొంత నూనె అందుతూనే ఉంటుంది. తిప్పితే కేబుల్ లాగి ఇంకాస్త ఇస్తుంది. ఊళ్లో నిదానంగా పోయేటప్పుడు అదే తగ్గించుకుంటుంది, పొగ తక్కువ, సైలెన్సర్‌లో మసి తక్కువ. నలభై ఏళ్ల కిందటి బండికి ఇంత తెలివైన ఏర్పాటు ఉండటం నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఇదే పంపు ఒకసారి నన్ను దారిలో నిలబెట్టింది. నంద్యాలలో ఒక షెడ్డులో కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించాను. ఆ పనిలో నూనె పైపులు కూడా ఊడదీసి మళ్లీ పెట్టారు. పైపులో చేరిన గాలిని మాత్రం తీయలేదు. గాజులపల్లె దాటి ఘాట్ ఎక్కుతుంటే ముందు వెనకాల పొగ కనిపించడం మానేసింది. కాసేపటికి ఇంజిన్‌లోంచి సన్నగా రేకు కొట్టినట్టు శబ్దం, లాగుడు తగ్గింది. ఇంకో మలుపు తిరిగేలోపే వెనక చక్రం బిగుసుకుని జర్రుమని జారింది. క్లచ్ పట్టుకున్నాను కాబట్టి పడలేదు. ఇంజిన్ పట్టేసింది, అంటే నూనె అందక పిస్టన్ లోపలే బిగుసుకుపోయింది.

చెట్టు నీడలో బండి చల్లారేదాకా కూర్చుని, మెల్లగా కిక్ నొక్కితే కదిలింది. ప్రాణం లేచివచ్చింది. పంపు కవరు విప్పి చూస్తే ఇంజిన్‌కు పోయే సన్నటి పైపులో నూనె జాడే లేదు, మొత్తం గాలి. పంపు మీద గాలి తీసే చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేస్తే ముందు నురగ నురగగా వచ్చి, తర్వాత బుడగ లేని నూనె ధార కట్టింది. స్క్రూ బిగించి, పెట్టెలో ఎప్పుడూ ఉంచుకునే 2టి (టూ-స్ట్రోక్ నూనె) సీసాలోంచి పెట్రోల్లోనూ కొంత కలిపాను. స్టార్ట్ చేసి, ఐడ్లింగ్‌లో పంపు కేబుల్‌ను చేత్తో పూర్తిగా లాగి పట్టుకుంటే సన్నటి పైపు అంగుళం అంగుళంగా నిండుతూ వచ్చింది. నిదానంగా ఇల్లు చేరాను.

బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండర్) విప్పిస్తే ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ మీద నిలువు గీతలు. బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, బాగానే ఉంది, రింగులు మార్చి, పిస్టన్‌ను సన్నటి ఎమరీ కాగితంతో రుద్దితే సరిపోయింది.

కాబట్టి పంపు ఉందని నూనె సంగతి మొత్తానికే వదిలేయడానికి లేదు. కార్బురేటర్ విప్పిన ప్రతిసారీ గాలి తీయించాలి, మీ కళ్ల ముందే. కేబుల్ సాగితే నూనె తగ్గుతుంది, పంపు చక్రం మీది గుర్తు సరిగా కూర్చుందో లేదో చూసుకోవాలి. రబ్బరు పైపులు గట్టిపడితే కొసల దగ్గర చీలతాయి, అక్కడినుంచి గాలి పీలుస్తాయి. ట్యాంకులో నూనె అడుగంటనివ్వకూడదు. వెనక పొగ పూర్తిగా ఆగిపోయిందంటే సంతోషించకండి, ఆపి చూడండి.

నేను రోజూ నడుపుతాను, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు, కాబట్టి నాకు పంపే మేలు. నెలల తరబడి బండిని మూల పెట్టేవాళ్లకు, ఇంట్లో నలుగురూ నడిపే బండికి కలిపి పోసుకోవడమే క్షేమం కావచ్చు, దాన్ని కాదనను. 1996లో తయారీ ఆగిపోయిన బండి, మంచి పంపు దొరకడం కష్టం. ఇప్పటికే పీకేసిన బండి కొన్నవాళ్లను వెతికి పెట్టించుకోమని చెప్పలేను. అట్లాంటి బండితో ఘాట్ దిగుతుంటే మాత్రం క్లచ్ పట్టుకుని మధ్యమధ్యలో యాక్సిలరేటర్ కాస్త తిప్పుతూ రండి, పిస్టన్‌కు నూనె అందుతుంది.