బెంచ్‌స్టాట్: "ఫాస్ట్ చేశాను" అన్న ప్యాచ్ వచ్చినప్పుడు

నేను చూసుకునే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ గో భాషలో ఉంది. దానికి ఇతరులు పంపే కోడ్ మార్పుల్లో, అంటే ప్యాచ్‌లలో, "ఈ ఫంక్షన్ ఫాస్ట్ చేశాను" అనే రకం ఎప్పుడూ తలనొప్పే. పది లైన్ల లూప్ పోయి నలభై లైన్లు వస్తాయి. పైన ఒక పూల్ (వాడిన మెమరీని మళ్లీ వాడుకోవడానికి దాచే చోటు), మధ్యలో ఎక్కడో ఒక అన్‌సేఫ్ పాయింటర్ (భాష చేసే తనిఖీలను దాటేసి మెమరీని నేరుగా తాకేది). చదవడానికి తేలికగా ఉండాలా, వేగంగా ఉండాలా అని రివ్యూలో మాటా మాటా పెరిగేది. వీటిని తేల్చడానికి కొన్నేళ్లుగా బెంచ్‌స్టాట్ అనే గో టూల్ వాడుతున్నాను.

అది చేసేది చిన్న పనే. పాత కోడ్ మీద, కొత్త కోడ్ మీద బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) నడిపి ఆ రెండు ఫైళ్లూ ఇస్తే తేడా ఎంత శాతమో చూపిస్తుంది. ఆ తేడా ఊరికే వచ్చిన ఊగిసలాట కావచ్చనిపిస్తే శాతం బదులు ~ అని ఒక గుర్తు పెడుతుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఆ గుర్తే. ఒక్కసారి నడిపి "8% మెరుగైంది" అని రాసిన ప్యాచ్‌ని పదేసిసార్లు నడిపితే చాలాసార్లు ~ వస్తుంది. ఇక వాదన అక్కర్లేదు, పాత కోడే ఉంటుంది, అవతలి మనిషీ నొచ్చుకోడు. ఒక్కో వైపు కనీసం నాలుగు ఫలితాలైనా లేకపోతే తేడా తేల్చలేనని అదే చెప్పేస్తుంది.

మెమరీని ఎన్నిసార్లు కేటాయించారో చూపే కాలమ్ మరీ ఉపయోగం. స్లైస్‌కి (గోలో పెరుగుతూ పోయే జాబితాకి) ముందే సరిపడా చోటు, అంటే కెపాసిటీ, ఇస్తే ఒక్క లైన్ మార్పుతో ఆ సంఖ్య ఒకటికి పడిపోతుంది, కోడ్ అర్థం కూడా ఇంకా స్పష్టమవుతుంది. అలాంటిది వస్తే వెంటనే మెర్జ్ చేస్తాను.

పూల్ వాడిన ప్యాచ్‌ల దగ్గర మాత్రం బెంచ్‌స్టాట్ సగం కథే చెబుతుంది. శాతం నిజమే కావచ్చు. కానీ పూల్‌లోంచి తీసిన బఫర్‌ని (డేటాను తాత్కాలికంగా ఉంచే మెమరీ ముక్కని) ఖాళీ చేయడం ఎవరైనా మర్చిపోతే ఒకరి డేటా ఇంకొకరికి వెళ్తుంది. ఒక్క పెద్ద బఫర్ లోపలికి వెళ్తే ఆ మెమరీ అక్కడే ఉండిపోతుంది. టెక్స్ట్ ముద్రించడానికి వాడే గో సొంత ఎఫ్‌ఎంటీ (fmt) ప్యాకేజీలో 64 కేబీ దాటిన బఫర్‌ని పూల్‌లోకి తిరిగి పంపకుండా వదిలేసే షరతు ఉంది, ఎందుకో వివరించే కామెంట్‌తో సహా. ఆ షరతూ ఆ కామెంటూ రాసుకునే ఓపిక లేని ప్యాచ్‌ని నేను తీసుకోను, ఎంత వేగం వచ్చినా సరే.

లోపాలూ ఉన్నాయి. కొత్త వెర్షన్‌లో కాలమ్‌లు మార్చుకునే ఆప్షన్లు అర్థం కావడానికి టైమ్ పడుతుంది. ల్యాప్‌టాప్ వేడెక్కితే అంకెలు జారిపోతాయి, అందుకే పాతదీ కొత్తదీ మార్చి మార్చి నడుపుతాను. పలువురు పంచుకునే సీఐ మెషీన్ల (ప్రతి కోడ్ మార్పునూ ఆటోమేటిక్‌గా పరీక్షించే సర్వర్ల) మీద వచ్చిన ఫలితాలను అసలు నమ్మను. బెంచ్‌మార్క్‌లో ఫలితం వాడని ఫంక్షన్ కాల్‌ని కంపైలర్ తీసేస్తే, ఏ పనీ చేయని కోడ్‌కి కూడా నానోసెకనులో మూడో వంతు అని అద్భుతమైన అంకె వస్తుంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.24లోని బీ లూప్‌తో (B.Loop, బెంచ్‌మార్క్ లూప్ రాసే కొత్త పద్ధతితో) ఈ బాధ చాలావరకు తగ్గింది.

అసలు చిక్కు వేరే. మొత్తం టైమ్‌లో 2% తీసుకునే ఫంక్షన్‌ని రెట్టింపు వేగం చేసినా ప్రోగ్రామ్ మొత్తానికి ఆదా అయ్యేది 1%. బెంచ్‌స్టాట్ మాత్రం ఘనంగా మైనస్ 50 చూపిస్తుంది. అందుకే ఇప్పుడు ఫాస్ట్ చేశాననే ప్రతి ప్యాచ్‌కీ రెండు అడుగుతున్నాం: బెంచ్‌స్టాట్ టేబుల్, నిజమైన లోడ్ కింద తీసిన పీప్రాఫ్ ప్రొఫైల్ (ఏ ఫంక్షన్ ఎంత టైమ్ తీసుకుంటోందో చూపే నివేదిక). ప్రొఫైల్ అడిగాక కొందరు ప్యాచ్ వెనక్కి తీసుకున్నారు. కొందరు అసలు నెమ్మది ఇంకెక్కడో ఉందని కనిపెట్టి అక్కడ సరిచేసి పంపారు.