గోకర్ణంలో ఐదు రాత్రులు: గుడి వీధిలో రెండు, కుడ్లె ఒడ్డున మూడు

కర్ణాటక తీరంలో ఉన్న గోకర్ణం వెళ్తున్నామంటే చుట్టాలంతా ఒకటే మాట: "ఎలాగూ అంత దూరం వెళ్తున్నారు, మురుడేశ్వర్, కొల్లూరు, ఉడుపి కూడా చూసేసి రండి." ఆఫీసులో కుర్రాళ్లేమో గుడి సంగతి వదిలేసి నేరుగా ఓం బీచ్‌లో దిగమన్నారు. అమ్మకి అరవై ఆరేళ్లు. మూడు రోజుల్లో ఏడు గుళ్లు తిప్పే టూరు బస్సులెక్కి, ప్రతిసారీ మోకాళ్ల నొప్పులతో ఇల్లు చేరిన మనిషి. ఈసారి ఆవిడ ఒకటే అడిగింది: "ఒక్క ఊళ్లోనే ఉందామే. పొద్దున్న లేచి ఎక్కడికీ పరిగెత్తొద్దు." అందుకే ఐదు రాత్రులూ ఒకే ఊళ్లో ఉండాలని నిర్ణయించుకున్నాం. తిరిగొచ్చాక నాకు గట్టిగా అనిపించింది కూడా అదే. గోకర్ణాన్ని పెద్ద యాత్రలో ఒక మజిలీగా పెట్టుకుంటే ఆ ఊరు మీకు అందదు.

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి పొద్దున్నే హుబ్బళ్లిలో దిగాం. అక్కడ టిఫిన్ చేసి, ఆర్టీసీ బస్సులో యల్లాపూర్ మీదుగా ఘాట్ దిగి అంకోలా, అక్కణ్ణుంచి గోకర్ణం. ఘాట్‌లో లారీల రద్దీ ఎక్కువ. హుబ్బళ్లి నుంచి మాకు నాలుగున్నర గంటలు పట్టింది. నిజం చెప్పాలంటే పెద్దవాళ్లతో ఇది కాస్త అలసటే. అందుకే వచ్చేటప్పుడు రైలెక్కాం, ఆ సంగతి చివర్లో చెప్తాను.

మొదటి రెండు రాత్రులు రథవీధికి ఆనుకుని ఉన్న సందులో, ఒక పురోహితుల ఇంట్లో గది తీసుకున్నాం. పెంకుటిల్లు, ముందు తులసికోట, గచ్చు నేల. రోజుకి పద్నాలుగు వందలు. వేణ్నీళ్లు తొమ్మిదింటిదాకే, టీవీ లేదు, ఏసీ లేదు. కానీ దుప్పట్లు ఉతికినవి, బాత్‌రూమ్ శుభ్రం. తెల్లవారుజామున ఐదింటికి పక్కింట్లో వేదం వల్లె వేస్తున్న పిల్లల గొంతులతో మెలకువ వచ్చింది. అదే వీధిలో పెద్ద లాడ్జీలున్నాయి, లిఫ్టూ కారు పార్కింగూ కావాలంటే అవే మేలు. నా ఓటు మాత్రం ఇలాంటి ఇళ్లకే. భోజనం ఎక్కడ బాగుంటుందో, గుడికి ఎప్పుడు వెళ్లాలో ఇంటావిడ చెప్పినట్టు ఏ యాప్ చెప్పదు.

ఆవిడ మాట ప్రకారం ముందు కోటితీర్థం అనే కోనేట్లో కాళ్లు కడుక్కుని, మహాగణపతిని చూసి, ఆ తర్వాత మహాబలేశ్వరుడి దగ్గరికి వెళ్లాం. కథ మనకి తెలిసిందే. రావణుడు కైలాసం నుంచి ఆత్మలింగం పట్టుకొస్తుంటే వినాయకుడు బాలవటువుగా వచ్చి, మూడుసార్లు పిలిచి, లింగాన్ని నేలమీద పెట్టేశాడు. రావణుడు కోపంతో మొట్టిన గుర్తని గణపతి తలమీద సొట్ట చూపిస్తారు. ఇక్కడి గణపతి రెండు చేతులతో నిలబడి ఉంటాడు. రావణుడు పెకలించబోతే లింగం ఆవు చెవిలా మెలి తిరిగిందట, ఊరి పేరు అందుకేనంటారు.

గర్భగుడిలో ఎదురుగా నిలువెత్తు లింగం కనపడదు. పానవట్టం మధ్యలో చిన్న గుంట ఉంటుంది, ఆత్మలింగం అందులోపల. వేలు పెట్టి తడమాలి. అమ్మ వంగి వేలు పెట్టింది. లోపల నీళ్లు చల్లగా ఉన్నాయి, అడుగున గరుకుగా, కాస్త వంకరగా రాయి కొస తగిలింది. "చెవి తమ్మెలా ఉందే" అంది బయటికొచ్చాక, వేలు తుడుచుకోకుండా అలాగే పట్టుకుని. చిన్నప్పుడు పౌరాణిక నాటకంలో చూసిన కథ చేతికి తగలడం ఆవిడకి చాలా పెద్ద విషయం. మగవాళ్లు చొక్కా తీసి పంచె కట్టుకోవాలి, అందుకని మా ఆయన పంచె ఇంటినుంచే తెచ్చుకున్నారు. మధ్యాహ్నం గుడి మూసి సాయంత్రం తెరుస్తారు. మామూలు వారంలో పొద్దున ఏడులోపు వెళ్తే తోపులాట ఉండదు. శివరాత్రి రథోత్సవం చూడాలన్న కోరిక లేనివాళ్లు ఆ వారం రాకపోవడమే మంచిది.

గుడి బయట కాసేపు కూర్చోండి. ఈ ప్రాంతపు హాలక్కి ఒక్కలిగ తెగ ఆడవాళ్లు బుట్టల్లో పూలు, బచ్చలాకు, అరిటాకులు తెచ్చి అమ్ముతుంటారు. పెద్ద వయసు వాళ్ల మెడ నిండా పూసల దండలే, వరస మీద వరస. వీళ్ల పాటల్ని జీవితాంతం పాడి కాపాడిన సుక్రి బొమ్మగౌడకి 2017లో పద్మశ్రీ వచ్చింది. 2021లో రాష్ట్రపతి భవన్‌కి చెప్పుల్లేని కాళ్లతో నడిచివెళ్లి పద్మశ్రీ అందుకున్న, వేల మొక్కలు పెంచిన తులసి గౌడ కూడా ఈ జనంలోని మనిషే. ఇద్దరిదీ పక్కనున్న అంకోలా తాలూకానే, ఇద్దరూ ఇప్పుడు లేరు. ఫొటో తీసే ముందు దయచేసి అడగండి. మా ముందే ఒకతను పూలమ్మే ఒకావిడ మొహం మీదికి కెమెరా పెడితే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు బాధేసింది.

మూడోరోజు కుడ్లె బీచ్‌కి మకాం మార్చాం. ఆటో గుట్టమీదే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి సామాను మోసుకుంటూ దిగాలి. మాకు పది నిమిషాలు, అమ్మకి అరగంట. కారు ఒడ్డుదాకా రాకపోవడమే కుడ్లెకి రక్ష. ఓం బీచ్ చాలా అందంగా ఉంటుంది, పైనుంచి చూస్తే రెండు అర్ధచంద్రాలు కలిసి నిజంగానే ఓంకారంలా కనిపిస్తుంది. అయితే దగ్గరిదాకా రోడ్డుంది కాబట్టి శని, ఆదివారాలు జనంతో నిండిపోతుంది. కుడ్లెలో పొడవాటి ఇసుక, వెనక కొబ్బరిచెట్లు, వాటి కింద గుడిసెలు, కాటేజీలు. దశాబ్దాల కింద గోవా రద్దీ భరించలేక కిందికి జరిగిన విదేశీయులతో మొదలైన పద్ధతి ఇది. ఇప్పటికీ సాయంత్రమైతే ఎవరో ఒకరు గిటారో, చిన్న డప్పో పట్టుకుని ఇసుకలో కూర్చుంటారు. పక్కనే ఇంకొకరు యోగా చేస్తుంటారు. ఎవరూ ఎవర్నీ పట్టించుకోరు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్లలో నిలబడ్డ మా అమ్మని కూడా ఎవరూ వింతగా చూడలేదు.

బస విషయంలో ఇక్కడ ఒక దెబ్బ తిన్నాం. ఆన్‌లైన్‌లో 'సముద్రం కనపడే గుడిసె' అని డబ్బు కట్టించుకున్నచోట, తీరా వెళ్తే వెనక వరసలో జనరేటర్ పక్కన గది ఇచ్చారు. దోమతెరకి చిల్లులు. రాత్రంతా ఆ మోతకి అమ్మకి నిద్రలేదు. గట్టిగా అడిగితే 'ఫుల్ అయిపోయింది మేడమ్' అన్నారు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. పొద్దున్నే నడుచుకుంటూ వెళ్లి నాలుగుచోట్ల చూసి, బీచ్ ఉత్తరం కొసలో ఒక కుటుంబం నడిపే కాటేజీకి మారాం. పన్నెండు వందలు, లోపలే బాత్‌రూమ్, ముందు అరుగు, ఊయల. కుడ్లెకి ముందే మొత్తం డబ్బు కట్టి రాకండి. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజులు కాకపోతే వచ్చి చూసుకుని తీసుకోవచ్చు. మంచం కింద, బాత్‌రూమ్, దోమతెర, చూడాల్సినవి ఈ మూడే. రాత్రి పాటలు ఎన్నింటిదాకా పెడతారో కూడా అడగండి. ఒడ్డున అన్నిచోట్లా ఫోన్ పే పనిచెయ్యదు, సిగ్నల్ పోతూ ఉంటుంది. ఊళ్లోనే ఏటీఎంలో డబ్బు తీసి పెట్టుకోవడం మంచిది.

సముద్రం గురించి ఒక్కమాట గట్టిగా చెప్పాలి. ఇక్కడ ఇసుక మెల్లగా లోతవుతున్నట్టే ఉంటుంది, కానీ రాళ్ల పక్కన నీళ్లు ఒక్కసారిగా వెనక్కి లాగుతాయి. ప్రతి ఏడూ ప్రాణాలు పోతున్నాయి. లైఫ్‌గార్డ్ ఈల వేస్తే బయటికి రావాల్సిందే. నడుము దాటి వెళ్లొద్దు. వానాకాలంలో సముద్రం ఇంకా భయంకరం, గుడిసెలు కూడా చాలావరకు మూసేస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది.

ఒక ఉదయం మా ఆయనా నేనూ కుడ్లె నుంచి ఓం, అక్కణ్ణుంచి హాఫ్ మూన్ బీచ్ దాకా కొండదారిన నడిచాం. కుడ్లె నుంచి ఓం ఇరవై నిమిషాలే. ఆ తర్వాత దారి రాళ్లమయం, కొన్నిచోట్ల పక్కనే లోయ, మామూలు చెప్పులతో కుదరదు. ప్యారడైజ్ బీచ్ దాకా వెళ్లే ఓపిక లేక హాఫ్ మూన్ నుంచి పడవలో తిరిగొచ్చాం. పడవ బేరం ఎక్కేముందే తేల్చుకోండి, లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కండి. చీకటి పడ్డాక ఆ దారిలో ఉండకూడదు.

నాలుగోరోజు ఆటో మాట్లాడుకుని సాణికట్ట ఉప్పుమళ్లు, మిర్జాన్ కోట చూశాం. కోట అఘనాశిని నది దగ్గర, ఎర్రరాతి గోడల మీద పచ్చగడ్డి. గేరుసొప్ప రాణి చెన్నభైరాదేవి పేరుతో ముడిపడిన చోటు ఇది. పోర్చుగీసువాళ్లు ఆవిణ్ణి 'మిరియాల రాణి' అనేవాళ్లు. గంటలో అయిపోతుంది. కానీ ఉప్పుమళ్ల దగ్గర అమ్మ కదల్లేదు. చిన్న చిన్న మళ్లు, గట్లు, అచ్చం మన వరిపొలం లాగే. పారతో లాగి కుప్పలు పోస్తున్నారు. దుకాణాల్లో దొరికేంత తెల్లగా లేదు, కాస్త మట్టిరంగు. అమ్మ రెండు పలుకులు నోట్లో వేసుకుని "ఐదు కిలోలు తీసుకో" అంది. తిండి విషయానికొస్తే అరటిపండు కలిపి పూరీలా వేయించే బన్స్, నీర్‌దోసె, కోకం షర్బత్ ఊళ్లోనే తినండి. బీచ్ హోటళ్లలో ఇటాలియన్, ఇజ్రాయెలీ వంటలన్నీ రాసి ఉంటాయి, మాకు రుచించింది మాత్రం చేపల భోజనమే.

ఆ ఆటో అతనే చెప్పాడు, కుమటా దగ్గర ఒక ఊళ్లో ఆ రాత్రి యక్షగానం ఉందని. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. నవంబరు నుంచి మే దాకా మేళాలు, అంటే యక్షగాన బృందాలు, ఊరూరా ఆడుతూనే ఉంటాయి. 1934లో మొదలైన కెరెమనె వాళ్ల ఇడగుంజి మేళం ఉండేది కూడా ఈ జిల్లాలోనే, హొన్నావర దగ్గర గుణవంతెలో. రావణుడు విసిరేసిన లింగం తాలూకు పెట్టె, మూత, గుడ్డ లాంటివి పడ్డాయని చెప్పే ఊళ్లలో గుణవంతె ఒకటి. మేం చూసిన ఆట గదాయుద్ధం. భాగవతార్ తాళాలు పట్టుకుని పాడుతుంటే, మద్దెల, చెండె మోగుతుంటే, మడుగులో దాక్కున్న దుర్యోధనుడు బయటికొచ్చాడు. భాష పూర్తిగా తెలియకపోయినా అమ్మ పక్కనుంచి నాకు కథ చెప్తూనే ఉంది, "ఇప్పుడు భీముడు తిడతాడు చూడు" అంటూ. కూచిపూడి భాగవతుల ఆటలు చూసి పెరిగిన మనిషికి అనువాదం అక్కర్లేదు. రాత్రి పన్నెండున్నరకి లేచి వచ్చేశాం, ఆట ఇంకా నడుస్తోంది. చలికి శాలువా తీసుకెళ్లండి, కుర్చీ దొరక్కపోతే పరుచుకోవడానికి దుప్పటి కూడా.

తిరుగు ప్రయాణం గోకర్ణ రోడ్ స్టేషన్ నుంచి. ఊరికి పది కిలోమీటర్ల దూరం, ఆటోలుంటాయి. మడగావ్‌కి రెండు గంటల లోపే. ఒక రాత్రి అక్కడుండి, మర్నాడు వాస్కో నుంచి సికింద్రాబాద్ వచ్చే రైలెక్కాం. 2024 అక్టోబరులో మొదలైన ఈ రైలు వారానికి రెండు రోజులే, కాబట్టి ముందు ఆ రోజులు చూసుకుని మిగతా ప్లాన్ వేసుకోండి. దారిలో దూద్‌సాగర్ దగ్గర పెట్టెలోని వాళ్లంతా కిటికీలకి అతుక్కుపోయారు. అమ్మ మాత్రం సీటు కింద ఉప్పు సంచి తడవకుండా ఉందో లేదో చూసుకుంది. మేలో ఆ ఉప్పు ఎండబెట్టి దంచి ఆవకాయ పెట్టింది. జాడీ మీద సుద్దముక్కతో 'గోకర్ణం' అని రాసుంది.