నికాన్ డీఎఫ్: చేతిలో ఒక మాట, చిత్రంలో ఒక మాట

నికాన్ సంస్థ 2013 నవంబరులో ప్రకటించిన డీఎఫ్ కెమెరాను చేతిలోకి తీసుకుని చూసినవారిలో చాలామంది పెదవి విరిచారు. దానితో తీసిన చిత్రాలను చూసినవారు మాత్రం మనసారా మెచ్చుకున్నారు. రెండు తీర్పులకూ ఆధారం ఉంది. అయితే ఈ కెమెరాను చాలాకాలం వాడిన మీదట, వీటిలో ఏ ఒక్క కొలతా దీని విలువను తేల్చలేదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ముందుగా చిత్రాల సంగతి. ఇందులోని 16.2 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ (పాత 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమంత ఉండి, వెలుగును చిత్రంగా మార్చే చిప్), ఆ సంస్థ అప్పటి అగ్రశ్రేణి కెమెరా అయిన డీ4లో ఉన్నదే. పిక్సెళ్ల సంఖ్య తక్కువ కాబట్టి ఒక్కొక్క పిక్సెల్ వెడల్పు సుమారు 7.3 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) ఉండి, ఎక్కువ వెలుగును పట్టుకుంటుంది. గదిలో ఒక్క బల్బు వెలుగుతున్నప్పుడు ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 వద్ద తీసిన ముఖచిత్రంలో కూడా చర్మపు రంగు పాలిపోదు, చెంప మీది నీడలో ఛాయాభేదాలు నిలుస్తాయి, కనిపించే కాస్త నాయిస్ (చిత్రంలోని గరుకుదనం) కూడా మరకలు మరకలుగా కాక సన్నని రవ్వలా ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున సుమారు 16 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు గల ప్రింటు వేసుకోవచ్చు. ఇంట్లో గోడకు తగిలించుకునే చిత్రానికి అంతకన్నా పెద్దది అవసరమని నేను అనుకోను.

ఇక చేతిలో వాడుక సంగతి. షట్టర్ వేగానికి, ఐఎస్‌ఓకు, ఎక్స్‌పోజర్ సవరణకు (కెమెరా లెక్కకట్టిన వెలుగును పెంచడానికి, తగ్గించడానికి) పైభాగంలో వేర్వేరు లోహపు డయళ్లు ఉన్నాయి. కెమెరా ఆన్ చేయకుండానే మూడు విలువలూ కంటికి కనబడతాయి. అది నిజమైన సౌకర్యం. కానీ ఎక్స్‌పోజర్ సవరణ డయల్ ఎడమవైపు ఉంది, పైగా దాని మధ్యలోని లాక్ బటన్‌ను నొక్కిపట్టి ఉంచితే తప్ప అది తిరగదు. కిటికీ వెలుగులో నిలుచున్న మనిషి రెండడుగులు లోపలికి జరిగితే చాలు, లెన్స్‌ను మోస్తున్న ఎడమ చేతిని తీసి, ఆ బటన్‌ను వెతికి నొక్కి, డయల్ తిప్పి, మళ్లీ లెన్స్ పట్టుకోవాలి. ఈలోగా ఆ మనిషి ముఖంలోని భావం మారిపోతుంది.

చిత్రాలను మాత్రమే చూసి తీర్పు చెప్పేవారి లెక్కలోకి రానిది ఇదే. తీసిన చిత్రం ఎంత బాగున్నా, డయల్ తిప్పుతుండగా చేజారిన చిత్రం గురించి అది ఏమీ చెప్పదు. అలాగే దుకాణంలో నాలుగు నిమిషాలు తిప్పి చూసి ఇబ్బందిగా ఉందని పక్కన పెట్టినవారికి, కదలని దృశ్యం ముందు ఆ ఇబ్బంది ఫలితంలో ఎక్కడా కనబడదన్న సంగతి తెలియదు. కెమెరాను పరీక్షించదలచినవారు తాము రోజూ తీసే విషయాన్నే, వెలుగు మారే చోట, వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా తీసి చూడాలి.

కెమెరా తనంతట తాను ఫోకస్ చేయగల బిందువులు 39. అవన్నీ ఫ్రేము మధ్యలోనే గుమిగూడి ఉండటం వల్ల అంచున ఉన్న కంటి మీద ఫోకస్ నిలపడం కష్టం. వీడియో సదుపాయం లేదు. నాకు ఆ లోటు తెలియలేదు.

ఫోకస్‌ను చేత్తో తిప్పి కుదుర్చుకునే పాత మాన్యువల్ లెన్స్‌లు తగిలించినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. 1977కు ముందు తయారైన వాటినీ అమర్చుకోవడానికి వీలుగా మౌంట్ (లెన్స్ బిగించే వలయం) అంచున మడత పెట్టగలిగే చిన్న మీట ఉంది. ఆ తర్వాతి మాన్యువల్ లెన్స్‌లతో అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) లెన్స్ రింగు మీద, షట్టర్ వేగం కుడిచేతి డయల్ మీద మార్చుకుంటూ పోతే, ఐఎస్‌ఓను ఒకసారి నిర్ణయించుకున్నాక ఎడమ చేయి లెన్స్‌ను వదలాల్సిన పనే ఉండదు. అయితే ఎఫ్/1.4 వంటి పెద్ద అపెర్చర్ వద్ద ఫోకస్ కచ్చితంగా కుదిరిందో లేదో వ్యూఫైండర్ తెర సరిగా చూపదు కాబట్టి, అలాంటప్పుడు వెనుక తెర మీద చిత్రాన్ని పెద్దది చేసి సరిచూసుకోవడం మంచిది.